ఐదు మెలికలు

తెల్లారకముందే పడవ ఇంజను
మూడుసార్లు దగ్గి లేచింది.
పరనా నది మీద పొగమంచు,
పాలల్లో నీళ్లు కలిపారో నీళ్లల్లో పాలు కలిపారో
తేల్చుకోలేని రంగు.
ఎవరిస్తో ముందు బల్ల మీద కూర్చున్నాడు
రెండు చేతులూ తొడల కింద దాచుకుని.
చలి, అన్నాడు.
నేనేమీ అడగలేదు.

నలభై ఏళ్లు మా ఊరి గడ్డాలన్నీ గీసిన చేతులవి.
పెళ్లికి వెళ్లేవాళ్లనీ, పెట్టెలోకి వెళ్లేవాళ్లనీ
ఒకే నునుపుతో సాగనంపిన కత్తి.
ఈస్టరు నుంచి దుకాణం తలుపుకి
అట్టముక్క వేలాడుతోంది: సెలవులు.
మంగలికి సెలవులేమిటని ఊరంతా నవ్వింది.
నా ఎడమ దవడ కింద
బియ్యపు గింజంత గాటు
నవ్వలేదు.

ఎగువన వానలు పడ్డట్టున్నాయి.
గుర్రపుడెక్క తెప్పలు తెప్పలుగా దిగివస్తోంది.
ఒక తెప్ప మీద కొంగ,
టికెట్ కొన్న మనిషిలా ఎటూ చూడకుండా.
(ముప్ఫై ఏళ్లు రేవులో టికెట్లు చింపినవాణ్ణి,
నాకు లోకం అలాగే కనిపిస్తుంది.)

దీవి మలుపులో, విల్లో కొమ్మలు
నీళ్లలో జుట్టు తడుపుకునే చోట ఇంజను ఆపాను.
సొరబుర్రలో ఆకు నింపి, ఫ్లాస్కు వంచి
మొదటిది మరీ చేదు కాబట్టి నేనే తాగి
రెండోది అతనికిచ్చాను.
మాటే ఒక్కటే తిరుగుతోంది మా మధ్య,
మాట కాదు.
బుర్ర అందుకోవడానికి రెండు చేతులూ వాడాడు,
పూజారి పాత్ర ఎత్తినట్టు.
మా వైపు ఒక పద్ధతుంది:
గ్రాసియాస్ అన్నావంటే ఇక చాలని.
అనేదాకా పోస్తూనే ఉంటారు.

గాలం కట్టే వేళకి
కళ్లజోడు మర్చిపోయానన్నాడు.
కళ్లజోడు అతని నెత్తి మీదే ఉంది.
దారం, తీగ, కొక్కెం నా వైపు జరిపాడు.
తీసుకున్నాను.

నా పన్నెండో ఏట ఈ ముడి నేర్పింది అతనే,
మా పెరట్లో బట్టలారేసే తాడు మీద.
ఐదు మెలికలు, వెనక్కి ఒక దూరు,
ఉమ్మితో తడిపి అప్పుడు లాగు,
పొడిముడి తెగి చస్తుందిరా,
అంటూ ఒక మొట్టికాయ.
ఇప్పుడు నా వేళ్ల వంకే చూస్తున్నాడు.
నాలుగో మెలిక దగ్గర అతని పెదవులు కదిలాయి.

గంటసేపు ఏమీ లేదు. దోమలు తప్ప.
నా కర్ర గోడకి కొట్టిన మేకులా నిశ్చలం.
అతని కర్ర కొన మాత్రం
ఆగకుండా, సన్నగా, దాచడానికి వీల్లేకుండా...
ఆ వణుకు కర్రలోంచి దారంలోకి, దారంలోంచి
బురదనీటి అడుగుకి దిగి
చచ్చిన చేపపిల్లకి ఊపిరి పోసినట్టుంది.
డొరాడో లేచింది!
ఎవరో ఇత్తడి పళ్లేన్ని నదిలోంచి
ఎండలోకి గిరాటేసినట్టు.

ఎవరిస్తో లేచి నిలబడ్డాడు.
లాగుతున్నంతసేపూ ఆ చేతులు,
ఒట్టు, వణకలేదు.
బూతులు తిట్టాడు, పాడాడు, నన్ను తొక్కాడు,
పడవ పక్కదాకా తెచ్చాడు.
తల ఒక్కసారి విదిలించి చేప వెళ్లిపోయింది.

దారం పైకి చుట్టాడు.
కొక్కెం సాగి సూదిలా అయింది.
ముడి అలాగే ఉంది.
దాన్ని కంటి దగ్గరకి తెచ్చుకుని చాలాసేపు చూశాడు.
'ఐదేనా?'
'ఐదే.'
'నాలుగేసి ఉంటావనుకున్నాను.'

అప్పుడు చేతులు తెచ్చి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు,
బయటికే, అందరికీ కనిపించేలా.
అందరూ అంటే నేనూ, ఆ కొంగా.
చలి కాదు, అన్నాడు.
తెలుసన్నాను.

తిరుగుదారిలో మిగిలింది గోరువెచ్చని నీళ్లు.
ఆకు ఎప్పుడో చప్పబడి
గడ్డి నానబెట్టిన రుచి.
తాగాడు. గొట్టం గురగురమనేదాకా పీల్చి
బుర్ర తిరిగి నా చేతికిచ్చాడు,
ఆ మాట అనకుండా.
పోశాను.